ఎవరి భాష ఎవరు నేర్చుకోవాలి?

ఉద్యోగానికి పెట్టుకునే దరఖాస్తుల్లో ‘తెలిసిన భాషలు’ అని ఒక గడి వుంటుంది. తెలుగు, ఇంగ్లీషు, హిందీ అని ముత్యాల్లాంటి అక్షరాలతో నింపేస్తాం. ఆ హిందీ పరీక్ష గట్టెక్కటానికి పనికొచ్చిందే తప్ప రైల్లో పక్కావిడతో రెండు ముక్కలు మాట్లాడటానికి నోరు తిరగదన్న సంగతి వేరే! ప్రొద్దుటూరు వీధుల్లో గాజులమ్ముకునే ఒకావిడ వుంది. ఇంట్లో పిల్లలతో ఉరుదూ, మన గడపలో తెలుగు, బళ్ళారి వైపు చుట్టాలింటికి వెళితే కన్నడం. మూడూ తడుముకోకుండా మాట్లాడుతుంది. కానీ ఆవిడకి మూడు భాషలొచ్చునని ఎవరూ అనరు. గాజులావిడ అంటారు, అంతే.

అదే ప్రొద్దుటూరులో పుట్టపర్తి నారాయణాచార్యులుగారు వుండేవారు. పద్నాలుగు భాషలు తెలిసిన మనిషని ప్రతీతి. తెలుగు పంతులుగా పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూనే సంస్కృతం, ప్రాకృతం, కన్నడం, తమిళం, మలయాళం అన్నిటిలోనూ మునిగి తేలారు. విశ్వనాథవారి ‘ఏకవీర’ని మలయాళంలోకి తీసుకెళ్లారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1990లో ఆయన పోయినా ఆ వూరివాళ్లు ఇప్పటికీ ‘మా పుట్టపర్తి’ అనే చెప్పుకుంటారు. ఆ గౌరవంతో నాకేం పేచీ లేదు. కావ్యాలు చదవటం వేరు, గాజులు బేరమాడటం వేరు. ఒప్పుకుంటాను. అయితే ఈ రెంటి మధ్యా పాండిత్యం ఒక్కటే తేడా కాదేమోనని నా అనుమానం. ఆయన తనకిష్టమై నేర్చుకున్నారు. ఆవిడ నేర్చుకోక తప్పక నేర్చుకుంది. తప్పక నేర్చుకున్నదాన్ని విద్య అనటానికి మనకెందుకో మనసొప్పదు.

లోకం తీరు గమనించండి. ఇద్దరు మనుషులు, రెండు భాషలు ఎదురైనప్పుడు ఎవరిది ఎవరు నేర్చుకుంటారు? అవసరం ఎవరిదైతే వాళ్లు. అంటే పేదవాళ్లు, కొత్తగా వచ్చినవాళ్లు, తక్కువమంది వున్నవాళ్లు. మన పక్కింటి ముస్లిం ఆడవాళ్లు తరతరాలుగా మనతో తెలుగే మాట్లాడుతున్నారు. వాళ్ల మాటల్లో ‘నక్కో’, ‘హౌ’ తప్ప మూడో మాట తెలిసినవాళ్లు మనలో ఎంతమంది? ఆ నక్కో కూడా వాళ్లు మరాఠీ వాళ్ల దగ్గర తెచ్చుకున్నదే! కూచునే కుర్చీ, తీర్చాల్సిన బాకీ, ఉత్తరానికి రాసే జవాబు, చివరికి డబ్బా ‘ఖాళీ’ అయిందనే మాట, ఇవన్నీ అరబ్బీ నుంచి చేతులు మారుతూ మన నోళ్లలోకి వచ్చినవే. మాటలు తెచ్చుకున్నాం గానీ మనుషుల్ని పలకరించటం నేర్చుకోలేదు.

కడప జిల్లా నుంచి కువైట్ వెళ్లిన ఆడవాళ్ల సంగతి మీకు తెలిసిందే. పిల్లల్ని తల్లుల దగ్గర వదిలి, తాలిబొట్టు తాకట్టు పెట్టి విమానం ఎక్కినవాళ్లెందరో. జమ్మలమడుగు దగ్గర పల్లె నుంచి వెళ్లి, పదకొండేళ్లు ఒకే ఇంట్లో వంట చేసి వచ్చినావిడ నాకు పరిచయం. అరబ్బీ ఎలా నేర్చుకున్నావమ్మా అని అడిగాను.

“నేర్చుకునేదేముందక్కా! మొదట్లో మూడే మాటలు. తాలీ, రూహీ, జీబీ. రా, పో, తీసకరా. పొద్దస్తమానం అవే.”

నాకు చప్పున తట్టింది. ఆమెకి పరాయి భాష ఇచ్చిన మొదటి మాటలన్నీ హుకుములే! మనం పసిపిల్లలకి మాటలు నేర్పేటప్పుడు అమ్మ, అత్త, తాత, చందమామ అని మొదలుపెడతాం. పనికి వచ్చిన మనిషికి మాత్రం రా, పో.

“ఒక పొద్దు ఆయమ్మ కుర్చీని చూపించి ‘కుర్సీ’ అనె. అంగడిని ‘దుక్కాన్’ అనె. మన మాటలే గదా, ఈడికెట్ల వచ్చినాయని నాకు ఏడుపొచ్చినంత పనాయె” అని నవ్వింది.

ముప్పై అయిదేళ్ల వయసులో వెళ్లిన మనిషి. వూళ్లో నలుగురికీ పంచాయితీ చెప్పగలిగిన నోరు. అక్కడ మూడేళ్ల పిల్లలాగా మాట్లాడుతుంటే ఆ ఇంటివాళ్లు ఆమెని మూడేళ్ల పిల్లలాగానే చూశారట. తెలివి తక్కువై కాదు, మాట తక్కువై. మంచిపేరు తెచ్చుకోవటానికి ముందు ఆమె మాట తెచ్చుకోవాల్సి వచ్చింది. నేర్చుకోవటమనే శ్రమ ఎలాగూ వుంటుంది. దానితోపాటు తప్పు పలికిన ప్రతిసారీ ఎదుటివాళ్ల నవ్వు భరించటమనే శ్రమ ఇంకొకటి. ఇది ఏ జీతంలోనూ కలవదు.

“వాళ్లు నీ మాట ఒక్కటన్నా నేర్చుకున్నారా?” అన్నాను.

చాలాసేపు ఆలోచించింది. “ఆ ఇంట్లో చిన్నపాప ‘బువ్వ’ అనేదక్కా” అంది.

పదకొండేళ్లకి ఒక్క మాట. అదీ ఎవరు పెద్ద, ఎవరు చిన్న అనే లెక్క ఇంకా తెలియని పసిది.

కువైట్ దాకా ఎందుకు? పులివెందుల పిల్లని గుంటూరు వైపు ఇచ్చి చేశారనుకోండి. ఉల్లిపాయని ఎర్రగడ్డ అన్నా, వెల్లుల్లిని తెల్లగడ్డ అన్నా, బంగాళాదుంపని ఉర్లగడ్డ అన్నా వంటింట్లో కిసుక్కుమని నవ్వులు. “మీ సీమ మాటలు భలే మోటుగా వుంటాయమ్మాయ్!” అని ముద్దుగానే అంటారు. ఆరునెలలు తిరిగేసరికి ఆ పిల్ల తన మాటలు మూటగట్టి అటకమీద పెడుతుంది. పుట్టింటికి వచ్చి “వచ్చేశానండీ” అంటే, “ఏమ్మే, మాట మార్చినావే!” అని వీళ్లు నవ్వుతారు. భాష ఒకటే అయినా నేర్చుకోవాల్సిన బాధ్యత కోడలిదే. అత్తగారు ఎర్రగడ్డ అనటం నేర్చుకున్న ఇల్లు మీకు ఎక్కడైనా తగిలిందా?

ఇంతకీ మోటు అని నవ్వే ఆ సీమలోనే, ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో, క్రీస్తుశకం 575 ప్రాంతంలో రేనాటి చోళులు వేయించిన శాసనం వుంది. తెలుగులో మనకి దొరికిన తొలి శాసనంగా దాన్ని చెబుతారు. అప్పటిదాకా రాజుల మాట రాయికెక్కితే ప్రాకృతంలోనో, సంస్కృతంలోనో. జనం తమ మాట అర్థం చేసుకోవటానికి జనమే కష్టపడాలి. ఆ రాజులు మాత్రం జనం మాటలో రాయించారు. పెద్దవాళ్లే ఒక మెట్టు దిగి వచ్చారన్నమాట!

అలా దిగివచ్చినవాళ్లు మరికొందరున్నారు. బ్రౌను దొర 1820లో కడపకి ఉద్యోగానికి వచ్చాడు. పన్నుల లెక్కలకీ, కచేరీ పనులకీ కావలసినంత తెలుగు కంపెనీ వాళ్లు ఎలాగూ నేర్పించారు. అక్కడితో ఆగిపోతే ఈయన కూడా రా, పో, తీసుకురా దొరే అయ్యేవాడు. ఆగలేదు. సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని తాటాకులు వెతికించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు. 1852లో నిఘంటువు తెచ్చాడు. ఏలేవాడి అవసరం ఆయన్ని తెలుగు గుమ్మం దాకా తెచ్చింది, నిజమే. లోపలికి వచ్చి చాప మీద కూచున్నది మాత్రం ఆయన ఇష్టమే. జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి పెట్టిన లండన్ మిషన్ వాళ్ల పద్ధతీ చూడండి. మతం కోసమే వచ్చారనుకోండి, అయినా తెలుగు నేర్చుకున్నారు. పురిటినొప్పులు పడే మనిషిని “ముందు మా భాష నేర్చుకుని రామ్మా” అనటం కుదురుతుందా?

నేను చెప్పొచ్చేది ఇదే. అవసరం వున్నవాడు నేర్చుకోవటం లోకరీతి. అందులో తప్పూ లేదు, గొప్పా లేదు. అవసరం లేనివాడు నేర్చుకోవటమే మర్యాద. అందరం పుట్టపర్తివారిలా పద్నాలుగు భాషలు నేర్చుకోలేం. గ్యాస్ పొయ్యికీ, పిల్లల స్కూలు బస్సుకీ మధ్య మనకంత తీరికెక్కడిది? కానీ పరాయి భాషలో తడబడేవాళ్లని చూసి నవ్వకుండా వుండటానికి తీరికక్కర్లేదు కదా!

మన వూళ్లలో ఇళ్లు కట్టటానికి ఇవాళ బీహారు నుంచీ, ఒడిశా నుంచీ మనుషులొస్తున్నారు. మన తెలుగులో వాళ్లకి ముందుగా వచ్చిన మాటలేమిటో ఒకసారి చెవిపెట్టి వినండి. ఇటుకలు, ఇసుక, పైకి, కిందికి, తొందరగా. మధ్యాహ్నం మంచినీళ్ల చెంబు అందించేటప్పుడు, “మీ వూళ్లో దీన్నేమంటారు?” అని అడిగి చూడండి. సైగలతో అడిగినా అర్థమవుతుంది. చెప్పిన మాట మీరు తప్పు పలుకుతారు. వాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ నవ్వు మన వాటాకి రావటం ఎప్పుడో ఆలస్యమైంది.