మీవాళ్ళు ఏమంటారు?

డెస్కు మీద మాకు చాలా కాలంగా ఒక అదనపు ఉద్యోగం ఉంది. దానికి జీతం లేదు. ఎక్కడ బాంబు పేలినా, ఏ మౌల్వీ ఏ ఫత్వా ఇచ్చినా పక్కసీటు నుంచి ఒకటే ప్రశ్న: "ఏమండీ, మీవాళ్ళు ఏమంటారు?" అడిగేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. రంజాన్ పండగకు మా ఇంట్లో షీర్‌ఖుర్మా తాగేవాళ్ళే. అయినా ఆ ఒక్క మాటతో మేము సబ్‌ఎడిటర్లం కాకుండా పోతాం. ముఖం కూడా చూడని మనుషులకు వకీళ్ళమవుతాం.

అమెరికాలో బర్నార్డ్ కాలేజీ చరిత్ర ఆచార్యుడు మార్క్ కార్న్స్ 1990లలో మొదలుపెట్టిన పాఠపద్ధతి గురించి చదివినప్పుడు మా మనసు అందుకే అక్కడ చిక్కుకుంది. క్లాసులో ఉపన్యాసం ఉండదు, ఆట ఉంటుంది. ఒక్కో విద్యార్థికి చరిత్రలోంచి ఒక పాత్ర. క్రీ.శ. 325 నాటి నైసియా మతసభ ఒక ఆట. మనదీ ఉంది: 1945 సిమ్లా. కాంగ్రెస్, లీగు మొదలుకొని వేషాలన్నీ పిల్లలవే. పంతులు వెనక బెంచీకి పోతాడు. వాళ్ళు వాదించి ఒప్పించుకోగలిగితే ఆ గదిలో దేశం చీలకపోవచ్చు కూడా.

అసలు సిమ్లాలో కాంగ్రెస్ అధ్యక్షుడు మౌలానా ఆజాద్. వైస్రాయి కౌన్సిల్లోకి ముస్లిం సభ్యుల్ని పంపే హక్కు లీగుదొక్కదానిదే అన్నాడు జిన్నా. అంటే, ఖురాన్‌కు ఉర్దూలో వ్యాఖ్యానం రాసిన మౌలానాకు ముస్లిముల తరఫున నోరెత్తే హక్కు లేదన్నమాట! జూలై 14న సమావేశం కూలింది. మా పక్కసీటు మిత్రుడికి జిన్నా పేరంటేనే గిట్టదు. కానీ అతని ప్రశ్నలో ఉన్నది జిన్నా లెక్కే గదా. ముస్లిములందరికీ ఒకటే నోరు.

ఈ ఆటలంటే మాలో కొందరికి అభ్యంతరం. విశ్వాసం వేషం కాదు, విభజనలో చచ్చినవాళ్ళు పాయింట్లు కారు అంటారు. కాదనలేం. మాకు అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది. క్లాసులో ఉన్న ఒక్క సాయిబు పిల్లాడికే జిన్నా వేషం కడితే అది ఆట కాదు, అచ్చం మా డెస్కే. శర్మగారి అబ్బాయి జిన్నా కావాలి, కొన్నాళ్ళు ఆ భయాన్ని మోయాలి. మా పిల్ల మాస్టర్ తారాసింగ్ కావాలి. ఆట అయ్యాక ఇద్దరూ వేషం విప్పి ఇంటికి పోతారు. విప్పడమే మాకు లేనిది.

ఈసారి మిత్రుడితో అన్నాం: "ఉగాది పేజీ మేము చేస్తాం, పీర్ల పండగ పేజీ మీరు చేయండి." నవ్వాడు. మర్నాడు కర్బలా గురించి అడగడానికి కుర్చీ లాక్కుని వచ్చి కూచున్నాడు. పంచాంగంలో రాజపూజ్యం, అవమానం లెక్కలు మాత్రం మాకింకా తెగలేదు.