ఆకలి లేని ఉపవాసము

శ్రీమద్భాగవతము సప్తమస్కంధమున ఒక సన్నివేశము కలదు. ప్రహ్లాదుడు లోకతత్త్వము నెరుగగోరి సంచరించుచు, కావేరీతీరమున సహ్యపర్వతపు చరియలో కటిక నేలపై పడియున్న ఒక మునిని చూచెను. ఆ ముని ఒడలంతయు దుమ్ము. ఇల్లు లేదు, వృత్తి లేదు, భిక్షకై చేయి చాచుట లేదు. అయినను దేహము మాత్రము పుష్టిగా నున్నది. పాటుపడనివానికి ఈ పుష్టి యెట్లు కలిగెనని ప్రహ్లాదుడు వినయముతో నడిగెను. తేనెటీగయు కొండచిలువయు తనకు గురువులని ముని బదులు చెప్పెను. లభించిన నాడు భుజించుట, లభింపని నాడు నిశ్చింతగా పడియుండుట కొండచిలువ నేర్పిన పాఠము. దీనినే పెద్దలు అజగరవ్రతమనిరి. ఏకాదశస్కంధమున అవధూత యదురాజునకు వినిపించిన ఇరువదినలుగురు గురువులలోను అజగరమునకు స్థానమున్నది, సముద్రమునకును ఉన్నది.

ఆ సముద్రము అడుగున కూడ ఒక అజగరవ్రతి కలదు. తడి నేలలో రాయి పెల్లగించినపుడు కనబడి, తాకగానే ఉండవలె చుట్టుకొనెడి చిన్న బూడిదరంగు పురుగు పల్లెవాసులకు తెలిసినదే. ఆ పురుగునకు సముద్రమున ఒక పెద్ద జ్ఞాతి యున్నది. మూర పొడవునకు కొంచెము తక్కువగా పెరుగును. ఏడు జతల కాళ్లు, పలకలు పేర్చినట్టి పెంకు, వేలకొలది చిన్న కన్నులు కూర్చిన రెండు పెద్ద కన్నులు దాని రూపము. మెక్సికో సింధుశాఖలో దొరకిన ఒక దానిని చూచి 1879లో మిల్నె ఎడ్వర్డ్స్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానికి బాథినోమస్ జైగాంటియస్ అని పేరిడెను. ఈ వంశపు జీవులు మన హిందూ మహాసముద్ర జలములలోను కలవు. ఇన్వెస్టిగేటర్ అను పరిశోధన నౌక పట్టి తెచ్చినవాటిని కోసి పరిశీలించి, లాయిడ్ అను పండితుడు 1908లో కలకత్తా ఇండియన్ మ్యూజియము ప్రచురణలో వాటి అంగనిర్మాణమును వర్ణించెను.

వందల, వేల అడుగుల లోతున, సూర్యకిరణము సోకని చలిలో వాటి నివాసము. అక్కడ పైరు లేదు, పచ్చిక లేదు. పైనుండి ఎపుడో ఒక చచ్చిన చేపయో, తిమింగలపు కళేబరమో దిగివచ్చును. వచ్చిన నాడు కదలలేనంతగా తినును. రాని నాడు, నెలలైనను, నెమ్మదిగా పడియుండును. చల్లని నీటిలో దాని దేహాగ్ని మిక్కిలి మందము గనుక ఖర్చు స్వల్పము.

జపాను దేశమున ఇసే అను మహాక్షేత్రమునకు చేరువనే తోబా పట్టణమున్నది. అక్కడి అక్వేరియమునకు 2007లో మెక్సికో సింధుశాఖ నుండి ఇట్టి జీవి నొకదానిని తెచ్చిరి. 29 సెంటీమీటర్ల పొడవు, సుమారు ఒక కిలో బరువు. పేరేమియు పెట్టక ఒకటవ నెంబరు అని పిలిచిరి. 2009 జనవరి 2న అది ఒక చేపను తినెను. అదియే దాని కడపటి భోజనము. పాలకులు మరల మరల చేపలను ముందుంచిరి. అది దగ్గరకు వచ్చెడిది, ముఖము తాకించెడిది, తినక మరలెడిది. ఇట్లు ఒకటి కాదు, రెండు కాదు, ఐదేండ్లు గడచెను. 2014 ఫిబ్రవరి 14న అది మరణించునప్పటికి నిరాహారముగా 1,869 దినములైనవి. దేహము కృశించిన జాడ లేదు. కడుపు కోసి చూడగా ఒకవిధమైన గోధుమరంగు ద్రవమును, అందు పులియబెట్టు శిలీంధ్రమును పోలిన సూక్ష్మజీవులును కనబడినవి గాని, అది ఏల తినలేదో, ఏల మరణించెనో తేలలేదు. ప్రహ్లాదుడు అక్కడనుండినచో మునిని అడిగిన ప్రశ్ననే మరల అడిగియుండును.

ఇది వినినవారికి, అహో, ఎంతటి ఉపవాసము, ఎంతటి తపస్సు అని తోచుట సహజము. ఏకాదశి యొక్క పూట గడుపుటకే గడియారము వంక చూచువారు మనలో తక్కువ కాదు. కాని ఇక్కడ కొంచెము నిలిచి ఆలోచింపవలసియున్నది. అజగరముని రాని అన్నమునకై చింతింపలేదు, వచ్చిన అన్నమును కాదనలేదు. తొట్టిలోని జీవి ఎదుట అన్నమున్నది, లోన ఆకలి యున్నట్టు లేదు. ఆకలి లేనివాడు విస్తరి ముందునుండి లేచిపోయినచో అది వ్రతమెట్లగును? దానిని తపస్వియని పొగడుటయు తగదు, పాపము, మందబుద్ధియని నవ్వుటయు తగదు. తన చీకటి నుండి పెకలించి, గాజు వెనుక నిలిపిన మూగజీవి అది. దాని మనసులో నేమున్నదో ఎవరెరుగుదురు?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఉపవాసమునకు ఒక్కపొద్దు అని పేరు. సోమవారము వేములవాడ రాజన్నకు, మంగళవారము కొండగట్టు అంజన్నకు, నృసింహ జయంతినాడు గోదావరి యొడ్డున ధర్మపురి స్వామికి ఒక్కపొద్దులుందురు. ఎడారి దేశములకు పనికి పోయిన కొడుకు క్షేమముగా రావలెనని ఉండు తల్లులు కోరుట్ల వైపు ఎందరో. రోజంతయు బీడీలు చుట్టుచునే ఉందురు. పని ఆపి పూజ చేయునంత తీరిక వారికి లేదు.

కాని ఆ పదమునకు మరియొక వాడుక కలదు. సిరిసిల్లలో మరమగ్గములను సాంచాలందురు. 2000 దశకమున పని లేక, అప్పులు తీరక, ఆ ఊర ఎందరో నేత కార్మికులు ప్రాణములు తీసికొనిన సంగతి లోకవిదితము. అట్టి దినములలో కుండలోని అన్నము నలుగురికి చాలని రాత్రి, పిల్లలు 'అమ్మా, నువ్వు తినవా?' అనినచో, 'ఇయ్యాల నాకు ఒక్కపొద్దు బిడ్డా' అని చెప్పిన తల్లి యొక్క ఇంట మాత్రమే యుండునా? అది ఏ తిథియో పంచాంగమున దొరకదు. అది అబద్ధమని ధర్మశాస్త్రవేత్త యెవడైన తప్పుపట్టవచ్చును. పట్టనిండు.

భాగవతమే నవమస్కంధమున రంతిదేవుని కథ చెప్పుచున్నది. ఆ రాజు 48 దినములు అన్నపానములు లేక కుటుంబముతో కృశించెను. నలువదితొమ్మిదవ ఉదయమున పాయసము, నీరు లభించెను. నోటికెత్తుకొనునంతలో ఒక బ్రాహ్మణుడు వచ్చెను, పిమ్మట ఒక శూద్రుడు, పిమ్మట కుక్కలతో ఒక అతిథి. ఉన్నదంతయు పంచియిచ్చెను. కడపట మిగిలిన గుక్కెడు నీటిని దాహముతో వచ్చిన ఒక అంత్యజునకు పోసెను. 1,869 దినముల ముందు 48 దినములు లెక్కలో ఎంత? కాని రంతిదేవుని చేతిలో పాయసమున్నది, కడుపులో ఆకలి మండుచున్నది, ఎదుట మరియొకని ఆకలి నిలిచియున్నది. ఈ మూడును కూడినచోట ఉపవాసమను మాటకు, అనగా దైవమునకు దగ్గరగా వసించుటకు, అర్థము పూర్ణమగుచున్నది. ఆ తల్లి కుండ యొద్దను ఈ మూడును ఉన్నవి.

రంతిదేవుని కథలో ఆ వచ్చినవారు దేవతలై నిజరూపములు చూపిరి. సిరిసిల్ల ఇంట ఆ రాత్రి ఎవరును ప్రత్యక్షము కాలేదు. పిల్లలు తిని నిదురించిరి. తల్లి కుండ కడిగి బోర్లించి, చెంబెడు నీరు త్రాగి, వాకిట చాప పరచుకొనెను. తెల్లవారగనే వాడలో ఎక్కడనో ఒక సాంచా చప్పుడు మొదలయ్యెను.