శిశురక్షణము – శరణాగతి

శ్రీమద్భాగవత దశమస్కంధము 8వ అధ్యాయమున గర్గాచార్యులు నామకరణము గావించి వెడలిన పిమ్మట శుకయోగీంద్రుడు రామకృష్ణుల శైశవమును వర్ణించినాడు. ఆ బాలకులిద్దరును మోకాళ్లతోను చేతులతోను దోగాడుచు, వ్రేపల్లె బురదలో పొరలుచు, తమ కాలిమువ్వల సవ్వడికి తామే మురియుచు సంచరించిరి. ఎవరో తెలియని జనుల వెంట కొంతదూరము పోయి, అంతలో బెదరి, తల్లుల కడకు మరలి వచ్చుచుండిరి. ఈ ఘట్టమునకు మురియని భక్తుడుండడు. కాని ఆ వెనువెంటనే వచ్చు ఒక చిన్న శ్లోకమును చాలమంది త్వరగా దాటిపోవుదురు. కొమ్ములు గల పశువులు, అగ్ని, కోరలు గల జంతువులు, కత్తులు, జలము, పక్షులు, ముండ్లు: వీటి బారినుండి ఆటలాడు బిడ్డలను వారించుటకు గాని, ఇంటిపనులు చేసికొనుటకు గాని యశోదా రోహిణులకు శక్యము కాలేదనియు, వారి మనస్సులు నిలుకడ తప్పెననియు అందు మహర్షి చెప్పినాడు.

ఇచ్చట ఒక సందేహము కలుగుట సహజము. వినుచున్నవాడు పరీక్షిన్మహారాజు. ఏడు దినములలో దేహము విడువనున్నవాడు. పైగా తల్లి గర్భమునందే బ్రహ్మాస్త్రమునుండి శ్రీకృష్ణునిచే కాపాడబడినవాడు. అట్టి వానికి దోగాడు బిడ్డల చుట్టునుండు అపాయముల పట్టిక వినిపింపనేల? దోగాడువాడు సర్వలోకరక్షకుడని వక్తకును తెలియును, శ్రోతకును తెలియును. అగ్ని ఆయనను కాల్చదు. జలము ఆయనను ముంచదు. అట్లయిన తల్లుల ఆందోళనము వ్యర్థమే కదా!

ఈ సందేహము వ్రేపల్లెతో ముగియునది కాదు. ప్రతి గృహస్థుని యింటను నేటికిని ఇదియే ప్రశ్న. బిడ్డ సామాన్యముగా 7వ నెల మొదలు 10వ నెల లోపల దోగాడ నేర్చును. అంతవరకు పడుకోబెట్టిన చోటనే ఉండిన పసివాడు ఒకనాడు హఠాత్తుగా గడప కడ కనబడును. ఒక యింట కోడలు పూజామందిరమున నేలపైనుండు దీపపు కుందిని గోడ గూటిలోనికి మార్చినదనుకొందము. అత్తగారు నొచ్చుకొని, 'తరతరములుగా అచ్చటనే వెలుగుచున్న దీపము. మన పిల్లలందరును ఆ దీపము ముందే పెరిగినారు. స్వామి చూచుకొనడా?' అనును. కోడలికి స్వామియందు భక్తి లేదా? అత్తగారికి మనుమనియందు ప్రేమ లేదా? రెండును ఉన్నవి. సంశయమంతయు ఒక్కటే. రక్షకుడు హరియే యైనప్పుడు మనము జాగ్రత్తపడుట విశ్వాసలోపమగునా?

ఈ ప్రశ్నకు సమాధానము ఆ భాగవతమునందే, 11వ అధ్యాయమున ఉపనందుని వాక్యములలో లభించును. ఉపనందుడు జ్ఞానమునను వయస్సునను పెద్దవాడు, దేశకాలముల తత్త్వమెరిగినవాడు. మద్దిచెట్లు రెండును కూలిన పిమ్మట గోపవృద్ధులు సభచేసి ఆలోచించిరి. అప్పుడాయన జరిగిన ఉపద్రవములను వరుసగా లెక్కించినాడు. పూతన వచ్చినది, బండి తలక్రిందులైనది, సుడిగాలి రూపమున రాక్షసుడు బిడ్డను మింటికెత్తుకొనిపోయినాడు, ఇప్పుడు చెట్లు కూలినవి. బండి మీదపడకుండుట హరి యనుగ్రహమనియు, చెట్ల నడుమ బ్రతుకుట అచ్యుతుని రక్షణమనియు ఆయన స్పష్టముగా పలికినాడు. అంత పలికి, 'కావున నిశ్చింతగా ఉందము' అనలేదు. మరియొక యాపద రాకమునుపే బిడ్డలను తీసికొని బృందావనమునకు పోదము, నేడే బండ్లు కట్టుడు అన్నాడు. గోపాలురందరును ఒక్క మనస్సుతో అంగీకరించి, వృద్ధులను, బాలురను, స్త్రీలను బండ్లపై కూర్చుండబెట్టుకొని తరలిపోయిరి.

ఇందలి విశేషమును విజ్ఞులు గమనింపవలెను. హరి కాపాడినాడన్న విశ్వాసమును, బిడ్డలకొరకు ఊరికి ఊరే తరలవలెనన్న ప్రయత్నమును ఒకే నోట, ఒకే ప్రసంగమున వచ్చినవి. ఆ రెంటికిని విరోధమున్నట్లు ఆయనకు తోచలేదు. కృతజ్ఞత జరిగిపోయినదానికి, జాగరూకత జరుగనున్నదానికి. పసివాని క్షేమమునకై ఒక పల్లెయే కదలినప్పుడు, ఒక దీపము రెండు మూరలు పైకి కదలుట అపచారమగునా? దేవాలయములందు గొలుసులతో వ్రేలాడు దీపములు లేవా? పూర్వపు ఇండ్ల గోడలకు దీపపు గూళ్లు లేవా? దీపము స్వామికి వెలుగు చూపవలెను గాని, అది ఏ యెత్తుననున్నది యన్నది ముఖ్యము కాదు.

కొందరు మార్జాలకిశోరన్యాయమును ఉదాహరించి వాదింతురు. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొనును. పిల్లిపిల్ల ఏ ప్రయత్నమును చేయదు, తల్లియే దానిని నోట కరచుకొని పోవును. భగవంతునియెడ జీవుడును అట్లే భారము విడిచి యుండవలెనని ఈ న్యాయమును ఆదరించు పెద్దలు చెప్పుదురు. అది నిజమే. అయితే ఆ న్యాయమున మనమెవరము? భగవంతుని ముందు మనము పిల్లిపిల్లలము. ఉయ్యాలలోని బిడ్డ ముందు మాత్రము పిల్లిపిల్లలము కాము, తల్లిపిల్లులము. తల్లిపిల్లి ఏమి చేయును? పిల్లలను ఏడిండ్లు త్రిప్పునని లోకోక్తి. ఒకచోట అలికిడి విన్నచో అక్కడినుండి తీసికొనిపోయి, క్షేమమని తోచిన మూలను చేర్చును. తాను కాపాడవలసిన చోట కాపాడబడువానివలె చేతులు ముడుచుకొని కూర్చుండువాడు ఆ న్యాయమును తలక్రిందులు చేసినవాడగును.

శరణాగతికి ఆరు అంగములను పెద్దలు పరిగణించిరి. అందు 'రక్షించును' అన్న విశ్వాసము మూడవదిగా చెప్పబడినది. దానికి ముందు ఆనుకూల్య సంకల్పమును, ప్రాతికూల్య వర్జనమును ఉన్నవి. భగవంతునకు ప్రియమైనది చేయుదునన్న నిశ్చయము, అప్రియమైనదానిని విడుచుట అని వాటి అర్థము. తాను ఇచ్చిన బిడ్డకు ఉపేక్షవలన గాయమగుట ఆయనకు ప్రియమా? కాదు. కావున అపాయమును ఇంటినుండి తొలగించుటయును ప్రాతికూల్య వర్జనమే యగును. ఇది విశ్వాసమునకు లోపము కాదు, విశ్వాసమునకు సోపానము.

ప్రాచీనులు ఈ విషయమున ఎంత సూక్ష్మదృష్టి గలవారో తెలియుటకు చరకసంహిత శారీరస్థానము 8వ అధ్యాయము చాలును. శిశువుండు గృహము చీకటి లేనిదై, గాలి మితముగా వచ్చునదై, గట్టిదై, క్రూరజంతువులు, పశువులు, ఎలుకలు, పురుగులు లేనిదై యుండవలెననియు, నీరు, రోలు, స్నానభూమి, వంటయిల్లు, మలమూత్ర స్థానములు వేర్వేరుగా అమర్పబడి యుండవలెననియు అందు విధింపబడినది. ఆటవస్తువులు చిత్రములై, ధ్వని చేయునవై, మనోహరములై యుండవలెను. బరువైనవి కారాదు, మొన వాడియైనవి కారాదు, నోటిలో దూరునవి కారాదు, ప్రాణహరములు కారాదు, భయపెట్టునవి కారాదు. బిడ్డ ఏడ్చినను, అన్నము తినకున్నను బూచి పేరు చెప్పి బెదరింపరాదని కూడ ఆ శాస్త్రమే హెచ్చరించుచున్నది. నోటిలో దూరు బొమ్మ కూడదన్న ఆ నియమమునకు నేటి వైద్యులు చేర్పవలసినది అంతగా లేదు.

చేర్పవలసినవి కాలము తెచ్చిన వస్తువులే. నేటి యింట కొమ్ముల యావు లేకపోవచ్చును. నేలకు జానెడెత్తున విద్యుత్తు ప్లగ్గు కలదు, వ్రేలాడు చార్జరు తీగ కలదు, బొమ్మలలోను రిమోటులలోను నాణెమువంటి చిన్న బ్యాటరీ కలదు. అది మ్రింగబడినచో గంటలలోనే అన్నవాహికను కాల్చివేయగలదు. స్నానపు గదిలో సగము నిండిన బకెట్టు కలదు. రెండంగుళముల నీటిలోనైనను ముఖము మునిగిన పసివాడు లేవలేడు. చల్లని పానీయముల సీసాలలో పోసి నేలపై నుంచిన కిరోసిను, ఫినాయిలు బిడ్డకు విషమని తెలియవు. అట్టిది త్రాగినచో బలవంతముగా వాంతి చేయింపక తత్క్షణమే వైద్యుని కడకు చేర్పవలెను. కత్తిపీట, వేడిగంజి గిన్నె, క్రిందికి వ్రేలాడు బల్లగుడ్డ, మేడమెట్లు: ఇవి అందరెరిగినవే.

భక్తుల గృహములందు ప్రత్యేకముగా జాగ్రత్త వహింపవలసినవి కొన్ని కలవు. హారతికర్పూరము తెల్లగా, పటికబెల్లమువలె కనబడును. చిన్న బిళ్ల మ్రింగినను పసివారికి మూర్ఛలు రాగలవు. ఆ డబ్బా మూత గట్టిగా బిగించి పైయరలో నుంచవలెను. స్వామికి ముడుపు కట్టిన నాణెములు, తెగిన తులసిపూసలు, అగరువత్తి నిప్పు బిడ్డకు అందరాదు. ప్రసాదమన్న భక్తితో శనగగుగ్గిళ్లు, కొబ్బరిముక్కలు దంతములు రాని నోట పెట్టుట తగదు. అవి శ్వాసనాళమునకు అడ్డుపడును. ప్రసాదమును కన్నులకద్దుకొని తల్లి భుజించిన చాలును, ఆ పాలే బిడ్డకు ప్రసాదము.

ఇంటి అపాయములను కనుగొనుటకు సులభోపాయ మొకటి కలదు. ప్రతిదినము స్వామి ముందు సాష్టాంగపడునట్టి యింటి పెద్ద, ఆ నమస్కారమయిన పిమ్మట లేవక అట్లే ఒక్క నిమిషము నలువైపుల చూడవలెను. బల్లక్రింద దొరలిన గుండుసూది, గోడమూలనున్న చీమలమందు, బీరువా క్రింది పగిలిన గాజుముక్క నిలుచున్నవానికి కనబడవు, వంగినవానికి కనబడును. మన కష్టము తెలిసికొనుటకు మన యెత్తునకు దిగివచ్చుటయే కదా అవతారము! ఆ సౌలభ్యగుణమును కీర్తించు వైష్ణవుడు తన బిడ్డ కొరకు నేలవరకు దిగలేడా?

ఇంక రెండవ ప్రశ్న. బిడ్డకు ఏ యపాయమును రాకుండ ఉయ్యాలలోనో చంకలోనో బంధించి యుంచినచో మేలు కాదా? ఇందులకు 9వ అధ్యాయమునందలి దామోదర లీలయే ఉత్తరము. ఆనాడు దాసీజనము ఇతర కార్యములందుండగా యశోద స్వయముగా పెరుగు చిలుకుచుండెను. పొయ్యిపై పాలు పొంగుట చూచి పాలుగుడుచు బిడ్డను దింపి పరుగెత్తెను. అలిగిన బాలుడు కుండ పగులగొట్టెను. పట్టి కట్టబోగా త్రాడు ప్రతిసారియు రెండంగుళములు తక్కువయ్యెను. భక్తుని శ్రమ ఒక యంగుళము, భగవంతుని కృప ఒక యంగుళము అని కొందరు వ్యాఖ్యాతలు వివరింతురు. కడకు బాలుడు కట్టుపడినాడు. ఆ కట్టిన రోటితోనే మద్దుల నడుమ దూరినాడు, చెట్లు కూలినవి. నందుడు వచ్చి చూచి, నవ్వుచు కట్టు విప్పినాడు. ఆ వెనుకనే ఉపనందుని సభ. ఈ క్రమము విచారింపదగినది. కట్టివేయుట కుదురలేదు. పెద్దలు బిడ్డ కట్టు విప్పిరి, నివాసమును మార్చిరి. కావున శిశురక్షణమనగా బిడ్డను ఇంటికి తగినట్లు బంధించుట కాదు, ఇంటిని బిడ్డకు తగినట్లు దిద్దుట. దోగాడుట వానికి ధర్మము. ఆ దారిలోని ముల్లు తీయుట మనకు ధర్మము.

ఆ ధర్మము తల్లి యొక్కతెదే కాదు. యశోదా రోహిణులిద్దరు కూడియు ఇద్దరు బిడ్డలను వారింపలేకపోయిరని మహర్షియే యొప్పుకొనినాడు. నేడు వంట, నీరు, ఉద్యోగము, వృద్ధుల సేవ అన్నియు మోయుచున్న ఒంటరి కోడలికి అది ఎట్లు శక్యమగును? పాలు పొంగు వేళ బిడ్డనెత్తుకొనుటకు తండ్రియో తాతయో ఒకరుండవలెను. వ్రేపల్లెలో నిర్ణయము గైకొని బండ్లు కట్టినది పెద్దలే యని మరువరాదు.

ఇంత చేసినను ఒక్కొక్కప్పుడు గాయమగును. అప్పుడు తల్లిని నిందించుట క్రూరత్వము. 'ప్రారబ్ధము' అన్న మాటకు అప్పుడే స్థానము. అది దుఃఖించువారిని ఓదార్చుటకు పుట్టిన మాట గాని, ఉపేక్షించువారిని సమర్థించుటకు పుట్టినది కాదు. ప్రయత్నమునకు ముందు పలికినచో అది సోమరితనము, ప్రయత్నమునకు పిమ్మట పలికినచో అది శాంతి.

పెరియాళ్వారులు గరుడవాహనుడై సాక్షాత్కరించిన పరమాత్మను చూచి వరములడుగలేదు. ఇంతటి సౌందర్యమునకు ఎవరి కన్నైన తగులునేమో యని వెరచి, రక్షకునకే మంగళాశాసనము చేసినారు. ఆ భయము అజ్ఞానము కాదు, పండిన ప్రేమ. యశోద ఆందోళనమును అట్టిదే. పరీక్షిత్తునకు శుకుడు దానిని వినిపించుటలోని రహస్యమును ఇదియే. గర్భమున తనను కాపాడిన చేయి లోకమున తల్లుల చేతులలోనుండి కూడ పనిచేయునని ఆ రాజు తెలిసికొనెను. ఆ యింట దీపము గూటిలో వెలుగును, అత్తగారు వత్తి వేయును, కోడలు నూనె పోయును, క్రింద బాలుడు నిర్భయముగా దోగాడును. ఆ బాలుని మువ్వలసవ్వడి ప్రతి గృహమునందును క్షేమముగా వినబడునట్లు శ్రీ బాలకృష్ణుడు అనుగ్రహించుగాక!