జానెడు దూరంలో యుద్ధం

1947. మ్యూనిక్‌లోని ఒక చర్చి. ప్రసంగం ముగించిన కోరీ టెన్ బూమ్ దగ్గరికి ఒకాయన వచ్చి చెయ్యి చాచాడు. ఆమె గుర్తుపట్టింది: రావెన్స్‌బ్రూక్ నాజీ శిబిరంలో కాపలా కాసినవాడు. యూదులను ఇంట్లో దాచారని 1944లో గడియారాల దుకాణం నడిపే ఆమె డచ్ కుటుంబాన్ని పట్టుకెళ్లారు. అక్క బెట్సీ ఆ శిబిరంలోనే కన్నుమూసింది.

అతను క్షమించమంటున్నాడు. అంతసేపూ క్షమ గురించే మాట్లాడిన కోరీ చెయ్యి మాత్రం చేతిసంచిలో ఊరికే తడుముకుంటోంది.

ఆత్మీయ పోరాటమంటే చాలామందికి దయ్యాలే గుర్తొస్తాయి. బైబిల్లోని ఎఫెసీ పత్రిక చెప్పిన సర్వాంగ కవచంలో ఖడ్గం, డాలుతో పాటు సమాధాన సువార్త అనే జోడూ ఉంది. శాంతి తొడుక్కుని నిలబడాల్సిన యుద్ధమిది. ఆ రోజు యుద్ధభూమి రెండు చేతుల మధ్య జానెడు చోటే.

కోరీ మనసులో ప్రేమ లేదు. యేసూ, సాయం చెయ్యమని అడిగి, కొయ్యలా చెయ్యి చాచింది. భుజం నుంచి వెచ్చదనం పాకింది, కళ్లు చెమర్చాయి. ఇద్దరూ చాలాసేపు చేతులు వదల్లేదు.