పరీక్షాభయము - పరిచర్య

ఉక్కు కర్మాగారమును నమ్ముకొని జంషెడ్‌పూరునకు వలసవచ్చిన తెలుగు కుటుంబములు అనేకము కలవు. బిష్టుపూరు రామమందిరములోను, కద్మాలోను నేటికిని వారి మనుమల నోట తెలుగు వినవచ్చును. అట్టి ఇంటి యువతి యొకతె కొంతకాలము క్రిందట మాయొద్దకు వచ్చెను. తాత కొలిమివద్ద పనిచేసినవాడు. ఈమె ఒక ఆసుపత్రిలో నర్సు. అమెరికాలో పనిచేయుటకు వలసిన ఎన్‌క్లెక్స్ అను లైసెన్సు పరీక్షకు ఆరు నెలలుగా చదువుచున్నది. రాత్రి డ్యూటీ, పగలు పుస్తకము.

"స్వామీజీ, చదివినది నిలుచుట లేదు. పుస్తకము తెరువగనే చేతులు వణకుచున్నవి. మొన్న ఒక ముసలాయన మంచినీళ్ళు అడిగినప్పుడు విసుగుకొంటిని. నాలో సేవాభావము చచ్చిపోయినదేమో!" అని కంట తడి పెట్టుకొన్నది.

పరీక్ష తప్పుదునేమో యను భయముకంటె, తన హృదయము ఎండిపోయినదేమో యను భయమే ఆమెను ఎక్కువగా బాధించుచుండెను. అలసట దోషమా? ఇది అందరును విచారింపదగిన ప్రశ్న.

గీత మొదటి అధ్యాయమున అర్జునుని స్థితిని జ్ఞాపకము చేసికొనుడు. అవయవములు పట్టుదప్పినవి, నోరు ఎండినది, విల్లు జారినది. అతడు విలువిద్య మరచినవాడు కాడు. విద్యకు సంబంధింపని భారమంతయు విల్లుపై వచ్చి కూర్చున్నది. ఈ యువతికిని మందుల మోతాదులు తెలియకపోలేదు. ఫీజులకు చేసిన అప్పు, తండ్రి ముఖము, బంధువుల మాట, ఇవన్నియు పుస్తకముమీద వచ్చి కూర్చున్నవి.

ఈ పరీక్షలో ఒక వింత కలదు. సరిగా జవాబిచ్చినచో కంప్యూటరు మరింత కఠినమైన ప్రశ్న వేయును. తప్పినచో కొంత సులభమైనది వేయును. 2023 ఏప్రిలునుండి ఉన్న పద్ధతిలో ప్రశ్నలు 85కు తక్కువ కాకుండ, 150కి మించకుండ వచ్చును. అభ్యర్థిని శక్తి ఎంతటిదైనను, సుమారు సగము జవాబులు తప్పు చోటికే యంత్రము ఆమెను కొనిపోవును. కనుక ఉత్తీర్ణురాలు కాబోవు నామెయు 'నేను తప్పితిని' అనుకొనియే బయటికి వచ్చును. మన యోటమి భావన యథార్థమునకు కొలత కాదనుటకు ఇంతకంటె తార్కాణము వేదాంత గ్రంథములలో వెదకనక్కరలేదు!

1887 నుండి బ్రిటనులో నర్సులకు రిజిస్ట్రేషను కావలెనని ఉద్యమము సాగినప్పుడు ఫ్లారెన్సు నైటింగేలు దానిని గట్టిగా వ్యతిరేకించెను. నర్సు శీలమును పరీక్ష కొలువజాలదని ఆమె వాదము. అందు సత్యము కలదు. అయినను 1919లో బ్రిటనులోను, 1926లో మన మద్రాసు రాజధానిలోను చట్టములు వచ్చినవి. అదియు న్యాయమే. అపరిచితుని శరీరమును ఈ చేతులకు నిర్భయముగా అప్పగింపవచ్చునా అని ఎవరో ఒకరు అడుగవలయును గదా! పరీక్ష అడుగునది అంతమాత్రమే. దానిని చిత్రగుప్తుని చిట్టాగా చేసికొనునది మనము.

"మూడు రాత్రులు నిద్రలేని రోగిని చూచినచో నీవేమి చేయుదువు, తల్లీ?" అని అడిగితిని.

"డాక్టరుగారికి చెప్పుదును."

"మూడు వారములుగా నిద్రలేని నిన్ను గూర్చి ఎవరికి చెప్పితివి?"

ఆమె మాటాడలేదు. నిద్రాహారములు మానుటయే త్యాగమని ఆశ్రమమున చేరిన క్రొత్తలో నేనును భ్రమపడితిని. జపమాలతో గోడకు చేరగిలి గుఱ్ఱుపెట్టుచుండగా ఒక పెద్దస్వామి లేపి మంచముమీదికి పంపిరి. అతిగా మేల్కొనువానికి యోగము సిద్ధింపదని గీత ఆరవ అధ్యాయము చెప్పుచునే యున్నది. తనకున్నదానిని ఇతరులకిచ్చుట త్యాగము. ఇచ్చు చేతినే విరుచుకొనుట త్యాగమెట్లగును? కొలిమికి సైతము లోపలి ఇటుకలు అరిగినప్పుడు నిప్పు ఆపి క్రొత్తవి పేర్చుదురు. ఆమె తాతకు ఈ సంగతి మనకంటె బాగుగా తెలిసియుండును.

వణకు, నిద్రలేమి తగ్గనిచో వైద్యుని చూడుమని చెప్పితిని. ప్రభుత్వమువారి టెలి మానస్ 14416 నంబరును వ్రాసి యిచ్చితిని. జపము మందునకు బదులు కాదు. పరీక్షతేదీని జరుపుకొనుటలో అవమానము లేదనియు చెప్పితిని.

అయితే ముసలాయన మాట వేరు. అలసట దోషము కాకపోవచ్చును గాని ఆయన దాహము నిజము. నీ యలసటను ఆయనకు సమాధానముగా చెప్పకుము, పోయి క్షమాపణ వేడుమంటిని.

నెల తరువాత ఆమె మరల వచ్చెను. తేదీ జరుపుకొన్నదట, కొంత నిద్రపట్టుచున్నదట. "ఆయనను క్షమాపణ అడిగితివా?" అంటిని.

"అడిగితిని, స్వామీజీ. ఆయనకు ఆ సంగతి జ్ఞాపకమే లేదు. మరల మంచినీళ్ళే అడిగినారు."