కఠినుడైన అధికారి క్రింద

గత సంవత్సరము మా అక్కగారి కుమారుడు నన్ను చూడవచ్చెను. అతడు హైదరాబాదులో నొక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రోగ్రాములు వ్రాయు ఉద్యోగి. అతని మేనేజరు రాత్రి పదకొండు గంటలకు ఫోను చేయును. అందరి యెదుట గద్దించును. ఇతడు వారము దినములు శ్రమపడి సరిచేసిన లోపమును తానే సరిచేసినట్లు పైవారికి చెప్పుకొనును. "ఎంతకని ఓర్చుకోను మామయ్యా?" అని అతడు నన్నడిగెను.

నేను వెంటనే జవాబియ్యలేదు. ఓర్చుకొనుమనుట పెద్దలకు సులభము. రాత్రివేళ ఫోను మ్రోగునది వారి యింట కాదు గదా!

ఇంకను మాటలాడించగా అసలు సంగతి బయటపడెను. ప్రోగ్రామును క్లయింటుకు అప్పగించు దినము సమీపించినది. పరీక్షలన్నియు ముగియకయే ముగిసినవని నివేదికలో వ్రాయుమని మేనేజరు చెప్పెను. ఆ మాట నోటితో చెప్పెనే గాని మెయిలులో పెట్టలేదు. నివేదిక క్రింద నుండబోవు పేరు మాత్రము మావానిది.

చదువరులారా, ఇచ్చట రెండు సంగతులు కలిసిపోయియున్నవి. నాకు రావలసిన మెప్పును ఒకడు అపహరించినయెడల నేనూరకుండవచ్చును. అది నాది గనుక విడిచిపెట్టు స్వాతంత్ర్యము నాకున్నది. ఆ ప్రోగ్రామును నమ్మి వాడుకొను మనుష్యుని క్షేమము నాది కాదు. దానిని విడిచిపెట్టి, ఓర్చుకొంటినని చెప్పుకొనుట ఎట్లు?

వోక్స్‌వాగన్ కంపెనీ తన డీజిలు కార్లలో, పొగ పరీక్ష జరుగుచున్నదని కనిపెట్టి అప్పుడు మాత్రమే విషవాయువులను పూర్తిగా అదుపుచేయు ప్రోగ్రామును అమర్చినదని 2015లో అమెరికాలో బయటపడెను. అట్టి కార్లు ప్రపంచమంతట సుమారు 1 కోటి 10 లక్షలు. 2017 ఆగస్టులో జేమ్స్ లియాంగ్ అను ఇంజనీరుకు 40 నెలల చెరసాలయు, 2 లక్షల డాలర్ల జరిమానాయు విధింపబడెను. ఆ డిసెంబరులో అదే కంపెనీ మేనేజరొకనికి ఏడేండ్ల శిక్ష పడెను. పైవాడు శిక్షింపబడినందున క్రిందివాడు విడువబడలేదు. ప్రోగ్రాములు వ్రాయువారు వాడు గిట్ అను సాధనము ప్రతి పంక్తిని చివర మార్చినదెవరో, ఎప్పుడో చూపును. ఆ ఆజ్ఞకు బ్లేమ్, అనగా నింద, అని పేరు. వ్రాయించినవాని పేరు అందులో కనబడదు.

అయినను మన సోమరితనమునకు హింస యని పేరు పెట్టుకొనుటయు కలదు. దానియేలు శత్రువులు ఎంత వెదకినను అతని పనిలో నిర్లక్ష్యము కనబడలేదు. "నీ పని వెనుకబడలేదు గదా?" అని నేనడుగగా, మిగిలిన పరీక్షలలో రెండు తన ఆలస్యము వలననే మిగిలినవని మావాడు తలవంచుకొని ఒప్పుకొనెను.

మరునాడతడు మొదట మేనేజరుతో ఏకాంతముగా మాటలాడి, పిమ్మట మెయిలు వ్రాసెను: ముగిసిన పరీక్షలివి, మిగిలినవి ఇవి, వీటిలో రెండు నా ఆలస్యము, ఇంకను మూడు దినములు కావలెను. మేనేజరును గూర్చి ఒక్క నిష్ఠూరపు మాటయైనను అందులో లేదు. దాని ప్రతిని దాచుకొనుట కుతంత్రమని నేననుకొనను.

కాని అతని ఫోనులో వేరొక పట్టిక యుండెను. మేనేజరు పలికిన ప్రతి పరుషవాక్యమును తేదీతో వ్రాసికొనియుండెను. విచారించు అధికారికి చూపుటకైతే అదియు న్యాయమే. "ఎవరికి చూపుటకు?" అని అడిగితిని. అతడు మాటలాడలేదు. రాత్రులు తానొక్కడే చదువుకొనునని తరువాత వాని భార్య చెప్పినది.

అప్పగింత మూడు దినములు వాయిదాపడెను. ఆ సంవత్సరము మావానికి జీతము పెరుగలేదు. ఇప్పుడతడు వేరొక కంపెనీలో నున్నాడు. ఆ పట్టికను ఇంకను చెరిపివేయలేదు.