ఏ విమానం కావాలి?

మొన్న పాకాలలో పుట్టింటికి వెళ్తే, వెళ్ళీ వెళ్ళగానే నాకో పని తగులుకుంది. మా అన్న కొడుకు, పదో తరగతి చదివేవాడు, నోటుబుక్కు చివరి పేజీ తెరిచి నా ముందు పెట్టాడు. పందొమ్మిది యుద్ధ విమానాల పేర్లు!

"అత్తా, నువ్వు నవలలు రాస్తావు గదా. దీన్ని మంచి ఇంగ్లీషులో ఉత్తరంగా రాసియ్యి" అన్నాడు.

విషయమేమిటంటే, వార్ థండర్ అని ఒక ఆట ఉంది. 2012 నుంచీ ఉందిట. ఏయే దేశాలవాళ్ళో ఎవరిళ్ళల్లో వాళ్ళు కూర్చుని, నిజంగా ఉన్న యుద్ధ విమానాలే ఎక్కి, ఒకళ్ళనొకళ్ళు కూల్చుకుంటారు. కొత్తగా ఏ విమానం చేర్చాలో ఆడేవాళ్ళు కోరుకోవచ్చు. ఆషామాషీగా కాదండోయ్, కొలతలతో, ఆధారాలతో రాయాలి. 2021లో ఒకాయన ఆటలోని బ్రిటిష్ ట్యాంకు సరిగ్గా లేదని నిరూపించడానికి రహస్య పత్రాలే బయటపెట్టాడంటే ఆ పట్టుదల చూడండి! శుభలేఖలో పేర్ల వరస దగ్గర మనవాళ్ళు కూడా ఇంత పట్టుపట్టరు.

జాబితా చదివాను. ఒక్కోదాని పక్కనా దాని వేగం, ఎన్ని క్షిపణులు మోస్తుంది, ఎంత దూరం నుంచి కొడుతుంది అని రాసుకున్నాడు.

"మరి టి.యు. 142 లేదేంరా?" అన్నాను. విశాఖ బీచిలో 2017 నుంచీ మ్యూజియంగా నిలబెట్టిన విమానం అది. రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకి యాభై మీటర్లు. చివరి రోజుల్లో మన పక్కనున్న అరక్కోణం నుంచే ఎగిరేది. సముద్రం మీద తిరుగుతూ జలాంతర్గాములను కనిపెట్టడం దాని పని. ఆ విమానాలు 29 ఏళ్ళ కొలువులో, 30,000 గంటలు, ఒక్క ప్రమాదమైనా లేకుండా ఎగిరాయి.

"అది దేన్నీ కూల్చదత్తా. కాపలా కాస్తాదంతే. ఆటలో అదెవరికి కావల్ల?" అన్నాడు వాడు, జాలిగా.

నాకు చివుక్కుమంది. కాపలా కాసినదానికి చోటు లేదు, కూల్చినదానికే చోటు! ఇలాంటి ఉత్తరం నా చేత్తో రాయడం తప్పు కాదూ? ఆ మాటే అన్నాను.

"నీ సీరియల్లో ఆ పిల్లను చంపేస్తివే, అది తప్పు కాదా?" అన్నాడు.

అనపకాయలు ఒలుస్తున్న మా వదిన పకపకా నవ్వింది.

నిజం చెప్పొద్దూ, నాకు జవాబు దొరకలేదు. కథ రక్తి కట్టాలనే కదా నేనూ చంపాను. అంతెందుకు, దీపావళికి పిల్లల చేతికి తుపాకీ కొనిచ్చి మురిసిపోయిందీ మనమే. ఆట పాపమంటే చిన్నప్పుడు మనం ఆడిన రామరావణ యుద్ధాలూ పాపమే.

రాత్రి పడుకున్నాక ఆలోచన తెగింది. ఆ పిల్లను చంపాక మూడు వారాలపాటు దాని తల్లి ఇంట్లో పొయ్యి వెలిగించకుండా కూర్చుంది. ఆ మూడు వారాలూ నేను రాశాను, మీరు చదివారు. ఆటలో లేనిది అదే. అక్కడ కూలినవాడికి క్షణంలో ఇంకో విమానం ఇస్తారు.

బయట అలా ఇవ్వరు. పాకాల నుంచి ధర్మవరం రైలెక్కితే దారిలో మదనపల్లె రోడ్డు వస్తుంది. ఆ పక్కదే కురబలకోట మండలం. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి జనరల్ బిపిన్ రావత్ పోయినప్పుడు, ఆయనతోపాటు పోయిన ఒక జవానుది ఆ మండలమే. భార్య, ఇద్దరు చిన్నపిల్లలు.

పొద్దున్నే మావాడిని పిలిచి, "రాసిస్తానురా. కానీ ఒక్కో విమానం పక్కనా ఇంకో గడి గీయి. దాన్ని నడిపినవాళ్ళు ఎంతమంది ఇంటికి తిరిగి రాలేదో వెతికి అందులో రాయి" అన్నాను.

గొణుక్కుంటూనే వెతికాడు. వాడి జాబితాలో మొదటిది మిగ్-21. 1963లో మన వాయుసేనలో చేరి, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకున్న విమానం. మిగ్ రకాలన్నిటి ప్రమాదాల్లోనూ కలిపి 171 మంది పైలట్లు పోయారని 2012లో రక్షణమంత్రి ఆంటోనీ రాజ్యసభలో చెప్పారు. యుద్ధంలో కాదు, ప్రమాదాల్లో!

వాడు ఆ అంకె రాసి కాసేపు ఊరుకున్నాడు. "అయినా ఇది ఉండాల్సిందే అత్తా" అన్నాడు చివరికి.

"ఉండనీ" అన్నాను. ఉత్తరం రాసిచ్చాను. నా కాపలా విమానానికి మాత్రం చోటు దొరకలేదు!

మీ ఇంట్లోనూ ఇలాంటి పైలట్లు ఉండే ఉంటారు. ఫోను లాక్కుని గొడవపడకండి, లాభం లేదు. కూలినవాడి ఇంట్లో ఆ రాత్రి అన్నం ఎవరు తిన్నారు అని ఒక్కమాట అడిగి చూడండి. ఆట ఆపకపోవచ్చు. ఆ మాట మాత్రం వాళ్ళతో ఉండిపోతుంది.